వార్షిక నివేదిక: ఏం చేయాలో తోచని రోజుల్లో మన సహవాసం

ప్రియ సభ్యులందరికీ ప్రభువు పేరిట వందనాలు.

ప్రతి ఏడూ నివేదికలో ముందు కూటాల వివరాలు, తర్వాత ఖర్చులు, ఆఖరున ప్రార్థనాంశాలు రాసేవాళ్లం. ఈసారి ఆ వరుస మారుస్తున్నాను. ఈ ఏడాది మనలో చాలామందికి కష్టాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఉద్యోగం పోయినవాళ్లున్నారు, ఇంట్లోవాళ్లకు పెద్ద జబ్బని తెలిసినవాళ్లున్నారు, అప్పులు ఎలా తీర్చాలో తెలియక రాత్రుళ్లు నిద్రపోనివాళ్లున్నారు. ఆ కష్టాల్లో దేవుణ్ణి నమ్మడమంటే ఏమిటో కలిసి నేర్చుకోవడమే మనం ఈ ఏడాది చేసిన అసలు పని.

వాక్య ధ్యానం

వారం వారం జరిగే ధ్యానానికి బైబిల్లోని రెండవ దినవృత్తాంతములు 20వ అధ్యాయం తీసుకున్నాం. రెండు మూడు వారాల్లో ముగిద్దామనుకున్నాం గానీ, దాన్ని విడిచి ముందుకు వెళ్లడానికి ఎవరికీ మనసు రాలేదు. మోయాబీయులు, అమ్మోనీయులు, శేయీరు వాసులు కలిసి యూదా రాజ్యం మీదికి వస్తున్నారు. కబురు అందేసరికే వాళ్లు ఏన్గెదీ దాకా వచ్చేశారు. రాజైన యెహోషాపాతు భయపడ్డాడని గ్రంథం దాచకుండా చెబుతుంది. ఆ భయంతోనే అతడు ప్రజలందరినీ పిలిచి, ఉపవాసం చాటించి, భార్యాబిడ్డలతో సహా అందరూ నిలబడి ఉండగా తమకు శక్తి చాలదని, ఏం చేయాలో తోచడం లేదని, "నీవే మాకు దిక్కు" అని ప్రార్థించాడు.

ఒక రాజు తన ప్రజల ముందు అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ధైర్యమంటే భయం లేకపోవడం అనుకుంటూ వచ్చిన మనకు ఈ మాట చాలా ఊరటనిచ్చింది. భయాన్ని పట్టుకునే దేవుని దగ్గరికి రావచ్చు.

ఈ అధ్యాయంలో మమ్మల్ని ఎక్కువగా ఆపింది ఇంకొకటి. యుద్ధం మీది కాదు, దేవునిది అని యహజీయేలు అనే లేవీయుడి ద్వారా జవాబు వచ్చింది. అదే జవాబులో, రేపు వారి మీదికి బయలుదేరండి అని కూడా ఉంది. పోరాడేది దేవుడే అయినా, పొద్దున్నే లేచి తెకోవ అరణ్యానికి నడిచి వెళ్లాల్సింది వాళ్లే. సైన్యానికి ముందు పాటలు పాడేవాళ్లు నడిచారు. శత్రువులు ఒకరినొకరు చంపుకున్న సంగతి ఆ తర్వాత గానీ వాళ్లకు తెలియలేదు. పాడుతున్నప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది దేవుని మాట ఒక్కటే. యుద్ధం దేవునిది, మీరు బయలుదేరండి అన్న ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి వదిలేసినా మన విశ్వాసం కుంటిదవుతుందని ధ్యానంలో ఒక పెద్దాయన అన్నారు. ఆ తర్వాతి వారాల్లో మా సంభాషణల్లో ఆ మాట పదే పదే వచ్చింది.

కాగితాల ప్రార్థన

ఈ ఏడాది కొత్తగా మొదలైన కార్యక్రమం ఇదే. అష్షూరు రాజు సన్హెరీబు పంపిన బెదిరింపు ఉత్తరాన్ని యూదా రాజు హిజ్కియా మందిరానికి తీసుకెళ్లి, దేవుని సన్నిధిలో విప్పి పరిచిన సంగతి (రెండవ రాజులు 19) చదివాక పుట్టిన ఆలోచన ఇది. హిజ్కియాకు వచ్చింది ఉత్త బెదిరింపు కాదు. యూదాలో 46 బలమైన పట్టణాలు పట్టుకున్నానని, హిజ్కియాను పంజరంలో పక్షిలా యెరూషలేములో బంధించానని సన్హెరీబు తన శాసనంలో రాయించుకున్నాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం రాయించలేకపోయాడు. అంతకుముందు హిజ్కియా ఆలయ తలుపుల మీది బంగారం కూడా ఒలిచి కప్పంగా ఇచ్చాడు. అయినా సైన్యం వెనక్కి పోలేదు. తనకు తోచిన ఉపాయాలన్నీ అయిపోయాకే ఆ ఉత్తరం మందిరానికి చేరింది. ఆలస్యంగా వచ్చావని దేవుడు అతణ్ణి తోసేయలేదు.

ఇప్పుడు మన ప్రార్థన కూటంలో, ఇష్టమున్నవాళ్లు తమకు టెన్షన్ పెడుతున్న కాగితాన్ని తెచ్చి బల్ల మీద పెడుతున్నారు. బ్యాంకు నోటీసు కావచ్చు, వైద్య పరీక్షల రిపోర్టు కావచ్చు, కోర్టు కాగితం కావచ్చు. మడిచి పెట్టినా సరే, ఎవరూ విప్పి చదవరు. మొదటిసారి బల్ల చాలాసేపు ఖాళీగానే ఉంది. తర్వాత ఒక సహోదరి లేచి వచ్చి ఒక కవరు పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నారు. ఆమె వెనకే మరికొందరు లేచారు. ప్రార్థన అయ్యాక ఎవరి కాగితం వాళ్లు తీసుకెళ్లారు. సమస్య అక్కడితో తీరిపోలేదు, మరుసటి రోజు ఆఫీసుకో ఆసుపత్రికో వెళ్లాల్సిందే. తోడు కావాలన్నవాళ్లతో మనవాళ్లు వెళ్లారు కూడా.

పరామర్శ బృందం

ఈ విషయంలో కార్యవర్గం తరఫున ఒక తప్పు ఒప్పుకోవాలి. తీవ్రమైన దుఃఖంలో ఉన్న ఒక కుటుంబం దగ్గరికి వెళ్లి, "విశ్వాసం ఉంచితే ఇలా ఏడవరు" అన్న అర్థం వచ్చేలా మాట్లాడాం. ఆ మాట వాళ్లను ఎంత గాయపరిచిందో తర్వాత తెలిసింది. వెళ్లి క్షమాపణ అడిగాం. వాళ్లు పెద్ద మనసుతో క్షమించారు.

ఆ తర్వాత బృందమంతా కూర్చుని ఏలీయా కథ (మొదటి రాజులు 19) మళ్లీ చదివాం. కర్మెలు కొండ మీద దేవుని గొప్ప కార్యం చూసిన ఆ ప్రవక్త, రాణి యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అతనికి విశ్వాసం గురించి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ పెట్టించాడు. ప్రయాణం నీ శక్తికి మించిందని దూతే అన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే.

అప్పటి నుంచి పరామర్శకు వెళ్లేవాళ్లం ముందు వినాలని, ఇంటి పనుల్లో చెయ్యి వేయాలని, అడిగితేనే వాక్యం చెప్పాలని నిర్ణయించుకున్నాం. నిద్ర పట్టక, బతకాలనిపించడం లేదని ఎవరైనా చెబితే, ప్రార్థన చేస్తూనే అదే రోజు వాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మందులు మానేయమని మనలో ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. ఇది నియమంగా రాసిపెట్టాం.

సాక్ష్యాలు

జవాబు పొందినవాళ్ల సాక్ష్యాలు విని సంతోషించాం. అయితే ఇంకా జవాబు రానివాళ్లకు కూడా మాట్లాడే అవకాశం ఇవ్వాలని ఈ ఏడాది అనుకున్నాం. అపొస్తలుడైన పౌలు తనను బాధిస్తున్న, ముల్లు అని తాను పిలిచిన కష్టాన్ని తీసేయమని ముమ్మారు వేడుకున్నా అది పోలేదు, నా కృప నీకు చాలునన్న ప్రభువు మాట మాత్రం వచ్చింది. ఎన్నో నెలలుగా ఎదురుచూస్తున్న ఒక సహోదరుడు, "పరిస్థితి మారలేదు, నేను మాత్రం ఒంటరిగా లేను" అని చెప్పి కూర్చున్నారు. ఆ రోజు నేను విన్న సాక్ష్యాలన్నిటిలో నా మనసులో నిలిచిపోయింది అదే.

మిగతా సంగతులు

ఉపవాస ప్రార్థనలు, పిల్లల ఆదివార తరగతులు ఆగకుండా జరిగాయి. సహాయ నిధి లెక్కలు సర్వసభ్య సమావేశంలో విడిగా చదివి వినిపిస్తాం. సహాయం అందుకున్నవాళ్ల పేర్లు ఎక్కడా రాయలేదు, ఇకముందూ రాయం. పరామర్శ బృందానికి మనుషులు చాలడం లేదు. వారంలో ఒక్క సాయంత్రం ఇవ్వగలిగినవాళ్లు పేరు చెప్పండి.

వచ్చే ఏడాది ధ్యానం కీర్తనలతో మొదలవుతుంది. మొదటి వారానికి 88వ కీర్తన ఎంచుకున్నాం. మొరతో మొదలై చీకటి దగ్గరే ఆగిపోయే కీర్తన అది. ఒకసారి ఇంట్లో చదువుకుని రండి. ఆ రోజు కూడా బల్ల వేసే ఉంటుంది. కాగితం ఉన్నవాళ్లు తెచ్చుకోవచ్చు.

మీ కార్యదర్శి