ఆ మూడు గంటల సంగతి

లండన్,
శుక్రవారం, ఉదయం 11 గంటలు

ఒరేయ్ సత్తీ,

ముందు నన్ను క్షమించరా. నీ మెయిల్ వచ్చి పదకొండు వారాలైంది. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఎందుకు ఆపానో కింద చదివితే నీకే తెలుస్తుంది.

ఇక్కడ అందరం బాగున్నాం. లక్ష్మికి ఆఫీసులో కొత్త టీమ్, పని ఎక్కువైంది. పాపకి ముందు పళ్లు రెండూ ఊడాయి, నిన్ను ‘థత్తి మావయ్య’ అంటోంది. అద్దె మళ్లీ పెంచారు. వాన. ఇంతే.

నీకు చెప్పాల్సింది ఒక్కటే ఉంది, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు మీ రొయ్యల చెరువు గట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచి నా కరెన్సీ ట్రేడింగ్ ప్రోగ్రామ్ గ్రాఫ్ ఒకటి చూపించాను గుర్తుందా? ఏరేటర్ల చప్పుడులో నా మాట సగం వినపడక, ‘గీత పైకే పోతోంది కదరా, ఇంకేం కావాలి?’ అన్నావు. ఆ గ్రాఫ్ తప్పురా. ఏదో కాస్త తేడా కాదు, మొత్తం తప్పు. ఈసారి పట్టుబడి డబ్బులో మూడు లక్షలు నా దాంట్లో పెడతానన్నావే, ఆ మాట మర్చిపో. ఎందుకో మొత్తం చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి మొదటినుంచి వస్తాను. యూరో, డాలర్ జంట ధర నిమిషనిమిషానికీ ఎలా మారిందో కొన్నేళ్ల డేటా నా దగ్గరుంది. దాని పక్కన అమెరికా ప్రభుత్వం ఇచ్చే లెక్కలు పెట్టాను: నెలనెలా ఎన్ని ఉద్యోగాలు పెరిగాయి, ధరలు ఎంత పెరిగాయి లాంటివి. ఉద్యోగాల లెక్క సాధారణంగా నెలలో మొదటి శుక్రవారం, న్యూయార్క్‌లో పొద్దున 8:30కి వస్తుంది. అందరూ ఊహించిన అంకెకీ, వచ్చిన అంకెకీ మధ్య తేడా ఎంతో చూసి, తర్వాతి నాలుగు గంటల్లో యూరో పెరుగుతుందా తగ్గుతుందా అని చెప్పడం నా మోడల్ పని. పైథాన్‌లో రాశాను. మోడల్ అంటే పెద్ద మాయ ఏమీ లేదు, వందల చిన్న చిన్న ‘అవునా కాదా’ ప్రశ్నల చెట్లు. ఒక చెట్టు చేసిన తప్పుని తర్వాతది దిద్దుతుంది. 2015 నుంచి 2020 వరకు డేటాతో నేర్పించాను. 2021, 22, 23 డేటాని అది ఎప్పుడూ చూడకుండా దాచిపెట్టి, దాని మీద పరీక్ష పెట్టాను.

వందకి డెబ్బై ఒకటి కరెక్ట్. దాచిపెట్టిన డేటా మీద కూడా!

అందుకే అంత నమ్మానురా. ఎవరైనా ‘కంఠస్థం చేసి ఉంటుంది’ అంటే, ‘లేదు, చూడని ప్రశ్నలకే జవాబు చెప్పింది’ అనడానికి నా దగ్గర ఆధారం ఉంది మరి.

ఇక్కడికి వచ్చాక దాన్ని డెమో అకౌంట్‌లో పెట్టాను. అసలు ధరలు, ఉత్తుత్తి డబ్బు. ఆరు వారాలు చూశాను. ఏమీ లేదు. గెలుపూ లేదు, పెద్ద ఓటమీ లేదు, నాణెం ఎగరేసినట్టు ఉంది. మొదట స్ప్రెడ్ అనుకున్నాను. అంటే కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడా, మామూలప్పుడు ఒక పిప్ (ధరలో నాలుగో దశాంశ స్థానంలో ఒకటి) దగ్గర ఉండేది లెక్కలు విడుదలయ్యే క్షణంలో ఒక్కసారిగా పెరుగుతుంది. అది కలిపి చూశాను. అయినా ఇంత తేడా రాదు. తర్వాత ఆర్డర్ ఆలస్యంగా వెళ్తోందేమో అనుకున్నాను. అదీ కాదు. లక్ష్మి పడుకున్నాక రోజూ ఒంటిగంట దాకా కూర్చునేవాణ్ని. నీకు ఉత్తరం రెండోసారి మొదలుపెట్టి ఆపింది అప్పుడే. ‘గ్రాఫ్ బ్రహ్మాండంరా’ అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఒక రాత్రి ఏమీ తోచక, బ్యాక్‌టెస్ట్‌లో, అంటే పాత డేటా మీద పెట్టిన పరీక్షలో, వచ్చిన లాభాన్ని వారం రోజుల వారీగా విడదీశాను. మంగళవారం ఏమీ లేదు. గురువారం కొంచెం. శుక్రవారం కొండంత. శుక్రవారాల్ని మళ్లీ విడదీస్తే అంతా మొదటి శుక్రవారమే! సరే, ఉద్యోగాల లెక్క వచ్చే రోజు కదా, సహజమే అని సర్దిచెప్పుకున్నాను. పెద్ద పెద్ద లాభాలు తెచ్చిన ట్రేడ్లు ఒక్కొక్కటే తెరిచి వరసలు చదవడం మొదలుపెట్టాను. అన్నిటికంటే పైన ఉన్న తేదీ చూసి చేతులు ఆగిపోయాయి.

2021 మే 7.

నీకు ఆ తేదీ చెప్పక్కర్లేదు. బాబాయ్ గారికి ఆక్సిజన్ బెడ్ కోసం నువ్వు భీమవరం నుంచి, నేను ఇక్కణ్ణుంచి ఫోన్లు చేసిన రోజు. పొద్దున్నుంచీ ఎన్ని నంబర్లు, ఎన్ని ‘లేవండీ’లు... ఆ రోజు నేను... సరే, దాని గురించి ఎదురెదురుగా కూర్చున్నప్పుడే మాట్లాడుకుందాం.

కానీ ఒకటి గుర్తుంది. నా ముందు రెండో స్క్రీన్ మీద యూరో చార్ట్ తెరిచి ఉంది. అప్పుడప్పుడే ఇవన్నీ నేర్చుకుంటున్నాను. అమెరికాలో దాదాపు పది లక్షల ఉద్యోగాలు పెరుగుతాయని అందరూ అనుకుంటే వచ్చింది 2,66,000. డాలర్ పడిపోయింది, యూరో గీత నిట్టనిలువుగా లేచింది. సరిగ్గా అప్పుడే నీ ఫోన్. ‘బెడ్ దొరికిందిరా’ అని ఏడ్చేశావు. ఆ లేచిన గీతా నీ గొంతూ నా బుర్రలో ఒకటిగా అతుక్కుపోయాయి, ఇప్పటికీ విడదీయలేను.

అలాంటిది, నా డేటాలో ఆ గీత లేచిన సమయం 15:30 అని ఉంది.

నా డేటా మొత్తం యూటీసీలో, అంటే ప్రపంచమంతా ఆధారంగా వాడే ఉమ్మడి సమయంలో, ఉందని అప్పటిదాకా అనుకున్నాను. వేసవిలో యూటీసీ 15:30 అంటే లండన్‌లో సాయంత్రం నాలుగున్నర, మీకు రాత్రి తొమ్మిది. నీ ఫోన్ రాత్రి తొమ్మిదికి రాలేదు కదా! వాట్సాప్‌లో వెనక్కి వెళ్లి వెతికాను. ఫోన్ పెట్టేశాక హాస్పిటల్ చిరునామా పంపావు చూడు, అది ఇక్కడి టైమ్ ప్రకారం మధ్యాహ్నం 1:41కి ఉంది. ఉద్యోగాల లెక్క వచ్చింది 1:30కి, అంటే యూటీసీ 12:30. నా డేటా గడియారం మూడు గంటలు ముందుకి తిరిగి ఉంది!

సత్తీ, మన హాస్టల్ గడియారంరా. ముప్పావు గంట ముందు నడిచేది, ‘ముప్పావు’ అనేవాళ్లం! పొద్దున్న ఐదున్నరకి స్నానాలు చేసి టిఫిన్ ప్లేట్లతో వరసలో నిలబడ్డ మన బ్యాచ్ మొత్తం. ఒంటిగంట రాత్రి ఒక్కణ్నే ‘ముప్పావు’ అని పైకే అన్నాను.

అసలు విషయం ఏమిటంటే, కరెన్సీ మార్కెట్‌లో రోజు న్యూయార్క్‌లో సాయంత్రం ఐదుకి ముగుస్తుందని లెక్క. ఆ ఐదు గంటలు తమ గడియారంలో అర్ధరాత్రి అయ్యేలా చాలామంది బ్రోకర్లు సర్వర్ టైమ్ పెట్టుకుంటారు. అలా చేస్తే వారానికి సరిగ్గా ఐదు రోజుల క్యాండిళ్లు (చార్ట్‌లో ఒక్కో రోజు ధరల్ని చూపే కడ్డీలు) వస్తాయి, ఆదివారం ముక్క ఒకటి విడిగా మిగలదు. అంటే ఆ గడియారం ఎప్పుడూ న్యూయార్క్ కంటే ఏడు గంటలు ముందు. వేసవిలో యూటీసీకి మూడు గంటలు, చలికాలంలో రెండు గంటలు ముందు. ధరలు ఆ గడియారంలో ఉన్నాయి. వార్తల క్యాలెండర్ యూటీసీలో ఉంది. నేను రెండిటినీ ఒకే గడియారం అనుకుని పక్కపక్కన అతికించాను.

ఫలితం ఏమైందో చూడు. క్యాలెండర్‌లో 12:30 అని ఉన్న వార్త, ధరల్లో 12:30 అని రాసున్న వరసకి వెళ్లి అతుక్కుంది. ఆ వరస నిజానికి జరిగింది 9:30కి. మే 7న నా మోడల్ ఇక్కడి టైమ్ ప్రకారం పొద్దున పదిన్నరకే యూరో కొనేసింది. మనం ఇంకా నంబర్లు తిప్పుతున్న టైమ్ అది. ప్రపంచంలో ఒక్క ట్రేడర్‌కీ తెలియని అంకె దానికి తెలుసు. 2022 నవంబరు 10 చూశాను. అమెరికాలో ధరల పెరుగుదల అనుకున్నదానికంటే తగ్గి 7.7 శాతం అని వచ్చి డాలర్ కూలిన రోజు. అప్పటికి చలికాలం టైమ్, అందుకని సరిగ్గా రెండు గంటల ముందు కొంది. వేసవి ట్రేడ్లన్నీ మూడు గంటల ముందు, చలికాలం ట్రేడ్లన్నీ రెండు గంటల ముందు. ఒక్కటీ తప్పలేదు.

నీ భాషలో చెప్పాలంటే, పట్టుబడి అయ్యి కాటా మీద కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) తేలాక, ఆ కౌంట్ చూసి నెల కిందట మేత ఎంత వేయాలో నిర్ణయించడం. అలా చేస్తే ఏ రైతుకైనా ప్రతి పంటా లాభమే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ దాచిపెట్టిన మూడేళ్ల పరీక్ష. దాన్ని నమ్మాను కదా. కానీ గడియారం తప్పు నేర్పిన డేటాలోనూ ఉంది, పరీక్ష డేటాలోనూ ఉంది. ప్రశ్నపత్రాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను గానీ, జవాబులు ప్రశ్నపత్రం మీదే అచ్చయి ఉన్నాయి. ఈ ఒక్క మార్కెట్‌లో రోజుకి 7.5 లక్షల కోట్ల డాలర్లు చేతులు మారతాయని 2022 ఏప్రిల్ లెక్క, అందులో 38 శాతం నేనున్న ఈ దేశంలోనే. అంత డబ్బు వెనక ఎన్ని వేల మంది బుర్రలు పనిచేస్తుంటాయి! అందరికీ దొరికే డేటాతో వందకి డెబ్బై ఒకటి అని కనపడగానే నేను ఆగి, ఎందుకు అని అడగాల్సింది. అడగలేదు. అడక్కుండానే నీకు చూపించాను.

తప్పు దొరికాక వెంటనే అన్నిట్లోంచి మూడు గంటలు తీసేశాను. అదీ తప్పే. చలికాలంలో రెండే తీయాలి. మూడు తీస్తే వార్త గంట ఆలస్యంగా అందుతుంది. పైగా గడియారాలు మార్చే రోజు అమెరికాలో ఒకటి, ఇక్కడ ఒకటి. అందుకే నవంబరు మొదటి శుక్రవారం ఆ లెక్క లండన్‌లో ఒకటిన్నరకి బదులు పన్నెండున్నరకే వస్తుంటుంది. చివరికి ధరలన్నిటినీ న్యూయార్క్ టైమ్ జోన్ ద్వారా యూటీసీకి మార్చాను. దాంతో సరిపోయింది.

ఇంకోటి కూడా బయటపడింది. ఆ 2,66,000 ని తర్వాతి నెలలో 2,78,000 గా సవరించారు. నా క్యాలెండర్‌లో కొన్ని నెలలకి మొదట వచ్చిన అంకె ఉంది, కొన్ని నెలలకి సవరించిన అంకె ఉంది. మొదటి రోజు ఎవరికీ తెలియని అంకె అది. సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు శాఖ) వాళ్లు ఏ తేదీకి ఏ అంకె తెలుసో అలాగే భద్రపరిచి ఉంచారు, అల్‌ఫ్రెడ్ అంటారు దాన్ని. కూర్చుని అన్నీ అక్కణ్ణుంచి తెచ్చాను. ఇప్పుడు నా పట్టికలో ప్రతి అంకెకీ రెండు సమయాలు ఉంటాయి: ఏ కాలానికి చెందినది, ఎప్పుడు తెలిసింది. రెండోది లేని అంకెని కోడ్ లోపలికి రానివ్వదు.

అన్నీ సరిచేశాక వందకి యాభై ఒకటి. స్ప్రెడ్ ఖర్చు మినహాయిస్తే నష్టం. అదీ మన కొండంత లాభం.

ఇప్పుడు మీ బావ సంగతి. నువ్వు మెయిల్‌లో రాశావు కదా, టెలిగ్రామ్‌లో ఎవడో ఫారెక్స్ (కరెన్సీ ట్రేడింగ్) రోబో అని, నెలకి పది శాతం గ్యారంటీ అని గ్రాఫ్ పంపాడని, బావ లక్షన్నర కట్టబోతున్నాడని. సత్తీ, దయచేసి ఆపరా. నా గ్రాఫ్ కూడా అచ్చం అలాగే ఉంది. నేను నిజాయితీగా, రాత్రులు కూర్చుని చేసినదే అలా వచ్చింది. అమ్ముకోవడానికే చేసినవాడిది ఇంకెలా ఉంటుందో ఆలోచించు. అసలు మన దేశం నుంచి విదేశీ ఫారెక్స్ ట్రేడింగ్ మార్జిన్‌కి, అంటే ముందుగా కట్టే పూచీ సొమ్ముకి, డబ్బు పంపడమే కుదరదు, ఫెమా (విదేశీ మారక ద్రవ్య) చట్టం ఒప్పుకోదు. అనుమతి లేని ప్లాట్‌ఫామ్‌ల జాబితాని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరు నుంచి తన వెబ్‌సైట్‌లో పెడుతోంది, అందులో పేరు చూడమను. జాబితాలో లేనంత మాత్రాన మంచిదని కాదు, అది కూడా చెప్పు. రేపే వెళ్లి చెప్పు. ఫోన్‌లో వినడు, చెల్లాయి ఎదురుగా చెప్పు.

అయ్యో, ఒంటిగంట దాటింది! ఇంకా అసలైన మంచి సంగతి రాయలేదు. పాతది పోయింది కానీ ఒకటి మిగిలిందిరా. ఎటు వెళ్తుందో నా మోడల్ చెప్పలేదు. ఎంత ఊగుతుందో మాత్రం చెప్పగలుగుతోంది. ఊపు ఉన్న రోజు తర్వాత ఊపు ఉన్న రోజులు, నిద్రపోయిన రోజు తర్వాత నిద్రపోయిన రోజులు గుంపులుగా వస్తాయి. ఇది కరెన్సీల్లో చాలాకాలంగా అందరికీ తెలిసిన గుణమే. దాన్ని కొత్త గడియారంతో, ‘ఎప్పుడు తెలిసింది’ అన్న కాలమ్‌తో మళ్లీ కట్టాను. దాచిపెట్టిన మూడేళ్ల మీద నిలబడింది. ఫీచర్లన్నిటినీ, అంటే మోడల్‌కి ఇచ్చే వివరాల్ని, కావాలని గంట ఆలస్యం చేసి చూశాను, అప్పుడూ కూలిపోలేదు, కొంచెం తగ్గిందంతే. పాతదాన్ని అలా ఆలస్యం చేసుంటే ముందే దొరికిపోయేది కదా అని... సరే. దీంతో డబ్బు వస్తుందో లేదో ఇంకా తెలీదు. ఎప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలో చెప్పినా చాలు నాకు.

ఇవాళ మొదటి శుక్రవారం. డెమోలో కొత్తది మొదటిసారి నడుస్తోంది. పొద్దున ఏడుకే దాని అంచనా రాసిపెట్టాను, కాగితం మీద, పెన్నుతో, పక్కన టైమ్ వేసి. ఇంకో ఎనిమిది నిమిషాల్లో లెక్క వస్తుంది. బాబాయ్ గారికి నా నమస్కారాలు చెప్పు, పొద్దున్న నడక మానొద్దను. పిన్ని పంపిన ఆవకాయ అడుగంటింది అని కూడా

స్ప్రెడ్ అప్పుడే పెరుగుతోంది, వెళ్తున్నా. బావ దగ్గరికి వెళ్లొచ్చి ఫోన్ చెయ్యి.

నీ
రాజు