పెటర్నిటీ లీవ్ స్టార్లకేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

2024 నవంబర్లో రోహిత్ శర్మ కొడుకు పుట్టాడని పెటర్నిటీ లీవ్, అంటే తండ్రయినవాళ్ళ సెలవు, తీసుకుని ఆస్ట్రేలియాలో పెర్త్ టెస్టు ఆడకపోతే మా టీ కొట్టు దగ్గర పెద్ద రచ్చ అయింది, కాన్పు చేసేది డాక్టరు కదా మధ్యలో ఈయనకేం పని అని ఒకాయన, దేశం కంటే ఎక్కువా అని ఇంకొకాయన. తీరా బుమ్రా కెప్టెన్సీలో 295 పరుగుల తేడాతో గెలిచేసరికి అందరూ గప్‌చుప్, అదే ఓడిపోయుంటే ఆ పసివాడి జాతకం తిరగేసేవాళ్ళు. 2020లో కోహ్లీ కూడా అంతే, అడిలైడ్‌లో 36కి ఆలౌట్ అయ్యాక ఇంటికొచ్చేశాడని ఎన్ని తిట్లు తిట్టారో, రహానే సిరీస్ 2-1తో గెలిపించుకొచ్చాడు.

కాబట్టి ఒకడు రాకపోతే కొంపలేం మునగవు. నా బాధ అది కాదండీ, అదే టూర్లో, అప్పటి మన సన్‌రైజర్స్ బౌలర్ నటరాజన్ సంగతి. ఐపీఎల్ ప్లేఆఫ్స్ టైములో కూతురు పుట్టింది, దుబాయ్ నుంచి అటే ఆస్ట్రేలియా ఎక్కించారు, టీ20ల తర్వాత టెస్టులకీ అక్కడే ఉంచారు, అదీ నెట్ బౌలర్‌గా, అంటే ప్రాక్టీసులో బంతులేయడానికి. చివరికి మూడు ఫార్మాట్లలోనూ ఆడాడు, సంతోషమే, కానీ పాపని చూసుకుంది జనవరిలో సిరీస్ అయిపోయాకే. కరోనా క్వారంటైన్లున్నాయి, ఒప్పుకుంటా, అయినా కెప్టెన్‌కి ఒక దారి నెట్ బౌలర్‌కి ఒక దారి ఏంటని గవాస్కర్ అప్పుడే కాలమ్‌లో రాశారు. నెట్ బౌలర్ నోరు తెరిచి లీవ్ అడిగితే ఆ ఛాన్సు ఇంకోడికి పోతుంది, అందుకే అడగడు. 2015 వరల్డ్ కప్ ముందు కూతురు పుట్టినా ధోనీ ఆస్ట్రేలియాలోనే ఉండిపోయాడు, అది ఆయనిష్టం, దాన్ని చూపించి మిగతావాళ్ళని దెప్పడమే నాకు నచ్చదు.

ఆడవాళ్ళ సంగతైతే ఒక మ్యాచ్‌తో పోయేది కాదు. సానియా మీర్జా 2018 అక్టోబర్లో బాబుని కని 2020 జనవరిలో హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ కొట్టింది, మన చెస్ ప్లేయర్ హంపి 2017లో పాప పుట్టాక మళ్ళీ బోర్డు ముందు కూర్చుని 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో వరల్డ్ ర్యాపిడ్ గెలిచింది. ఆడవాళ్ళ టెన్నిస్ నడిపే డబ్ల్యూటీఏ వాళ్ళు తల్లయ్యి తిరిగొచ్చినవాళ్ళకి పాత ర్యాంకుతో ఎంట్రీ ఇస్తారు. అంతెందుకు, మనం రోజూ ఎగతాళి చేసే పాకిస్తాన్ క్రికెట్ బోర్డు 2021లోనే ఆడ ప్లేయర్లకి ఏడాది జీతంతో సెలవు, మగవాళ్ళకి 30 రోజులు అని పాలసీ పెట్టింది, వాళ్ళ కెప్టెన్ బిస్మా మరూఫ్ చంటిపాపతోనే 2022 వరల్డ్ కప్‌కి వచ్చింది.

సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగికి 15 రోజులు పెటర్నిటీ లీవ్ ఉంది. నాలాంటి ప్రైవేటు వాడికి చట్టంలో ఏమీ లేదు, మా ఆవిడ పురిటికి పుట్టింటికెళ్తే రెండు సీఎల్స్ పెట్టుకుని, రెండో రోజు రాత్రే బస్సెక్కి వచ్చేశా, బిడ్డని సరిగ్గా ఎత్తుకోవడం కూడా రాలేదింకా, మా మేనేజర్ మాత్రం స్వీట్లేవి అని అడిగాడు. అందుకే క్రికెటర్లకి లీవ్ ఇస్తే నాకేం కుళ్ళు లేదు, టీవీలో కనిపించేవాళ్ళు తీసుకుంటేనైనా మా మేనేజర్లకి అలవాటవుతుంది.

కానీ రేపు రంజీ ఆడే కుర్రాడి భార్యకి నొప్పులొస్తే వాడు ఎవర్ని అడగాలి, ఎన్ని రోజులిస్తారు, ఆ మ్యాచ్ ఫీజు ఏమవుతుంది, తిరిగొచ్చాక ప్లేస్ ఉంటుందా? మన క్రికెట్ బోర్డు వాళ్ళెవరైనా మీ పేపర్లోనే జవాబిస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక ప్రైవేటు ఉద్యోగి, తెనాలి