జామ్ గణితానికి థీరమ్ ఒక్కటే చాలదు

సంపాదకులకు,

విద్యా పేజీల్లో ఐఐటీ జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) ప్రస్తావన వస్తే అర్హతలు, ఫీజు, చివరి తేదీలతోనే సరిపోతోంది. బీఎస్సీ గణితం చదివి ఐఐటీ హైదరాబాద్‌లోనో, తిరుపతిలోనో ఎమ్మెస్సీ సీటు కోరుకునే పిల్లలకు మార్కులు ఎక్కడ పోతాయో కూడా తెలియాలి.

పేపర్ 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి 30 ప్రశ్నలకు ఒక్కటే సరైన జవాబు. తప్పు పెడితే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. తర్వాత 10 ఎంఎస్‌క్యూలు (మల్టిపుల్ సెలెక్ట్ ప్రశ్నలు), ఒక్కోటి 2 మార్కులు. సరైన ఆప్షన్లు ఒకటికి మించి ఉండొచ్చు. అన్నీ పట్టుకుంటేనే మార్కులు, ఒక్కటి వదిలినా సున్నా. చివరి 20 ప్రశ్నలకు సంఖ్య టైప్ చేయాలి. ఈ రెండు భాగాల్లో నెగెటివ్ లేదు కాబట్టి ఖాళీగా వదలకూడదు.

మనవాళ్లు దెబ్బతినేది ఎంఎస్‌క్యూల దగ్గరే. డిగ్రీ పరీక్షకు థీరమ్, ప్రూఫ్ బట్టీ పడితే గట్టెక్కుతారు. అందులో ఒక షరతు తీసేస్తే ఏమవుతుందని అక్కడ ఎవరూ అడగరు. జామ్ అడిగేదే అది. ఒక సిరీస్ కన్వర్జ్ అయితే, అంటే పదాలు కూడుతూ పోతే మొత్తం ఒక స్థిర సంఖ్యకు చేరువైతే, పదాల వర్గాల సిరీస్ కూడా కన్వర్జ్ అవుతుందా? చాలామంది అవుననే టిక్కు పెడతారు. పదాలు పోనుపోను 1 కంటే చిన్నవవుతాయి, వర్గం చేస్తే ఇంకా చిన్నవవుతాయి కదా అని వాళ్ల లెక్క. పదాలేవీ రుణాత్మకం కానప్పుడే ఆ వాదన నిలుస్తుంది. 1, −1/√2, 1/√3, −1/√4 అంటూ గుర్తు మారుతూ పోయే సిరీస్ లైబ్నిజ్ టెస్టుతో కన్వర్జ్ అవుతుంది. వర్గాలు చేస్తే వచ్చేది 1 + 1/2 + 1/3 + 1/4..., అంటే డైవర్జ్ అయ్యే హార్మోనిక్ సిరీస్! గ్రూపుల్లోనూ అంతే. సబ్‌గ్రూప్ మూలకాల సంఖ్య గ్రూప్ మూలకాల సంఖ్యను భాగిస్తుందన్నది లాగ్రాంజ్ థీరమ్, దాన్ని తిరగేస్తే నిలవదు. 6 అనేది 12ను భాగిస్తుంది, అయినా 12 మూలకాల ఏ4 అనే గ్రూప్‌లో 6 మూలకాల సబ్‌గ్రూప్ లేదు. నోట్సులో ప్రతి థీరమ్ పక్కనా, ఒక్కో షరతు తీసేసినప్పుడు దాన్ని పడగొట్టే ఉదాహరణ రాసుకోవాలి. ఏ గైడూ ఆ పని చేసిపెట్టదు.

సంఖ్య టైప్ చేసే ప్రశ్నల్లో మధ్యలోనే రౌండ్ చేయడం పెద్ద తప్పు. జవాబు (e−1)/2 వచ్చిందనుకోండి. e అనే స్థిరాంకం విలువ (2.718...) 2.7 అని వేస్తే 0.85 వస్తుంది, రెండు దశాంశాలకు అసలు జవాబు 0.86. స్క్రీన్ మీద కాలిక్యులేటర్ ఇస్తారు, చివరి మెట్టు దాకా పూర్తి విలువనే మోయాలి. మాక్ టెస్టులు కూడా ఆ కాలిక్యులేటర్‌తోనే రాయాలి, చేతిలోని దానితో కాదు.

మీ విద్యా పేజీలో వారానికి ఒక్క ఎంఎస్‌క్యూ అయినా ప్రచురించండి. నాలుగు ఆప్షన్లలో ఏది ఎందుకు ఒప్పో, ఏది ఎందుకు తప్పో విడివిడిగా వివరించండి. కోచింగ్ అందని ఊళ్లలోని డిగ్రీ విద్యార్థులకు అది నేరుగా పనికొస్తుంది.

– ఒక డిగ్రీ కళాశాల గణిత అధ్యాపకుడు, విజయనగరం