టేకు చేప ‘కిరణం’ ఎప్పుడైంది?

సంపాదకుడు గారికి,

అయ్యా, పోయిన ఆదివారం మీ పత్రికలో ‘యూరప్‌లో తగ్గిన కిరణాల వేట’ అన్న శీర్షిక చూసి, అక్కడ ఎండలు తగ్గాయేమో అనుకున్నాను. తీరా చదివితే, పళ్లెంలా చదునుగా రెక్కలు చాచినట్టుండే టేకు చేపల సంగతి! ఇంగ్లీషులో ఆ చేపనీ, కిరణాన్నీ ‘రే’ అనే అంటారు. ఆ మాట కనబడగానే నిఘంటువులో మొదటి అర్థం ఎక్కించేసినట్టున్నారు. మా భీమిలి రేవులో చేపలమ్మే ఎవరికి బొమ్మ చూపించినా పేరు చెప్పేవారు. ఒకప్పుడు పత్రికల్లో తెలుగు దిద్దే పెద్దవాళ్లు ఉండేవారు. ఇప్పుడు వాళ్ల కుర్చీల్లో కంప్యూటర్లు కూర్చున్నాయి కాబోలు.

పేరు వదిలేద్దామంటే లోపలి రాత ఇంకా అన్యాయం. అక్కడి జనం టేకు తినడం మానేయడంతో వేట తగ్గిందట! ఫ్రాన్స్‌లో టేకు రెక్కల్ని వెన్నలో వేయించి ఇప్పటికీ ఇష్టంగా తింటారండీ. 2009 నుంచి యూరోపియన్ యూనియన్ కొన్ని రకాలను ఒడ్డుకు తేవడమే నిషేధించింది. వలలో పడినా నీళ్లలోకి వదిలేయాలి. ఒంటి మీద అలల్లా గీతలుండే రకానికీ ఇదే నిబంధన పెడితే ఫ్రెంచ్ జాలర్లు గోల పెట్టారు. కొన్నేళ్లకు దానికి మాత్రం కొద్దిగా కోటా ఇచ్చారు. ఒడ్డుకు చేరనిది వేట లెక్కలోకి ఎలా వస్తుంది? అంకె తగ్గింది అందుకే.

ఆ నిషేధం ఎందుకొచ్చిందో మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. చాలాకాలం అక్కడ టేకులన్నిటినీ ఒకే పద్దులో రాసేవారు. వాటిలో రెండు మీటర్లు దాటి పెరిగే ‘కామన్ స్కేట్’ అనే రకం, బ్రిటన్‌కీ ఐర్లండ్‌కీ మధ్యనున్న ఐరిష్ సముద్రంలో కనుమరుగైందని 1981లో ఒక శాస్త్రవేత్త బయటపెట్టాడు. పదేళ్లు దాటితేగానీ గుడ్డుకు రాని చేప అది, వేటకు ఎక్కడ తట్టుకుంటుంది? చిన్న రకాలు బుట్టలు నింపుతుంటే మొత్తం అంకె చూసేవాడికి లోటు తెలియదు. తోలు వలిచిన రెక్క ఏ రకానిదో పోల్చుకోవడమూ కష్టమే. పైగా ఆ కామన్ స్కేట్ ఒక జాతి కాదు, రెండు అని 2010లో తేలింది!

నవ్వకండి, మనమేం తక్కువ తినలేదు. రేవులో లెక్క రాసుకుంటున్న ఒకాయన్ని ‘ఇది ఏ టేకు బాబూ’ అంటే, ‘టేకు టేకే కదండీ మాస్టారూ’ అన్నాడు. జీతం మాత్రం నెలనెలా పైసలతో సహా లెక్క చూసుకుంటాడు.

సవరణ వేస్తే, పదో పేజీ మూలన కాకుండా ఆ ‘కిరణాలు’ ప్రసరించిన చోటే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
భీమిలి.