అడుగున రంధ్రం లేని కుండీలను ఇకపై అమ్మబోము

మా దుకాణంలో కుండీలు కొంటున్న వారందరికీ నమస్కారం.

ఇంటి లోపల మొక్కలు పెంచుకునేవారి కోసం మేము అమ్ముతున్న ప్లాస్టిక్ కుండీలలో, అడుగున రంధ్రం లేని అలంకార కుండీలను ఈ నెల నుండి పూర్తిగా నిలిపివేస్తున్నాము. మా సరుకులో బాగా అమ్ముడుపోయేవి అవే కనుక ఈ నిర్ణయానికి రావడానికి ఇంత కాలం పట్టిందని దాచకుండా చెప్పాలి. నేల మీద నీటి మరక పడదు, కింద పళ్లెం అక్కరలేదు అని చెప్పి వాటిని అమ్మాము. కొన్ని వారాలకే ఆకులు పసుపుబారి, కాండం మొదలు మెత్తబడిన మొక్కలను పట్టుకొని వచ్చినవారికి నీళ్లు ఎక్కువ పోసి ఉంటారని సమాధానం చెప్పి పంపించాము. నీళ్లు ఎక్కువైన మాట నిజమే గాని, ఆ నీరు బయటకు పోయే దారి లేకుండా చేసింది మా కుండీయే.

అంతకంటే పెద్ద తప్పు మేమిచ్చిన సలహాలో ఉంది. అడుగున రెండంగుళాల మందాన గులకరాళ్లు పరిస్తే మిగులు నీరంతా వాటిలోకి దిగిపోయి వేళ్లు క్షేమంగా ఉంటాయని చాలామందికి చెప్పాము. అలా జరగదు. మట్టిలోని సన్నని సందులు నీటిని గట్టిగా పట్టి ఉంచుతాయి. వాటి కింద పెద్ద ఖాళీలున్న రాళ్ల పొర వస్తే, పైనున్న మట్టి అడుగు భాగం తడిసి ముద్దయ్యేవరకు నీరు ఆ ఖాళీలలోకి దిగదు. నీరు పోసిన తరువాత కుండీ అడుగున మిగిలే ఈ ముద్ద పొర ఎత్తు మట్టి మిశ్రమాన్ని బట్టి ఉంటుంది గాని కుండీ లోతును బట్టి కాదు. కాబట్టి గులకరాళ్లు పోసినప్పుడు ఆ తడి పొర తగ్గదు సరికదా, రాళ్ల పైకి జరిగి వేళ్లకు మరింత దగ్గరవుతుంది. నమ్మకం కుదరనివారు గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి అడ్డంగా పట్టుకొని చూడవచ్చు. నీరు కారడం ఆగిపోయిన తరువాత దానిని నిలువుగా తిప్పితే, అదే స్పాంజి నుండి మరికొంత నీరు కారుతుంది. లోతైన కుండీలో కంటే, అదే మట్టి నింపిన లోతు తక్కువ కుండీలో వేళ్లు త్వరగా కుళ్లడానికి కారణం కూడా ఇదే. తడి పొర ఎత్తు రెండింటిలోనూ ఒకటే అయినా, లోతు తక్కువ కుండీలో ఆ పొర పైన గాలి ఆడే మట్టి కొద్దిగానే మిగులుతుంది. గాలి అందని వేరు ముందు పని మానేస్తుంది, ఆ తరువాతే కుళ్లు పట్టుకుంటుంది.

ఇదంతా చదివి ప్లాస్టిక్ కుండీలే మంచివి కావని అనుకోవద్దు. మట్టి కుండీ గోడల గుండా నీరు ఆవిరైపోతుంది, ప్లాస్టిక్ గోడ గుండా పోదు, తేడా అంతే. తడిని ఇష్టపడే ఫెర్న్‌లకూ పీస్ లిల్లీకీ అది మేలు చేస్తుంది. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ వంటి వాటిని ప్లాస్టిక్‌లో పెంచేటప్పుడు మాత్రం మిశ్రమంలో పెర్లైట్ (నీరు త్వరగా దిగిపోవడానికి కలిపే తేలికైన తెల్లని రాతి గుళికలు) గాని ముతక ఇసుక గాని ఎక్కువగా కలిపి, నీళ్లు పోయడానికి మధ్య ఎడం పెంచాలి. ప్లాస్టిక్ తేలికగా ఉంటుంది కనుక, కుండీని చేత్తో ఎత్తి చూస్తే లోపల ఎంత నీరుందో బరువే చెబుతుంది. వేలితో పై మట్టిని తాకి చూడటం కంటే మాకు ఈ పద్ధతి మీదే నమ్మకం.

కొలతల విషయంలోనూ ఒక సవరణ ఉంది. ఇంతవరకు మా చీటీల మీద రాసింది అంచుతో కలిపి బయటి వ్యాసం. దళసరి అంచున్న కుండీలలో లోపలి చోటు దానికంటే బాగా తక్కువ ఉంటుంది. ఇకపై లోపలి వ్యాసమూ, ఎన్ని లీటర్ల మట్టి పడుతుందో కూడా రాస్తాము. కుండీ మార్చేటప్పుడు ఇప్పుడున్నదాని కంటే ఒకటి రెండు అంగుళాలు వెడల్పైనది చాలు. పెద్ద కుండీలో మొక్క హాయిగా పెరుగుతుందన్నది అమ్మేవారికి లాభసాటి మాట, మేమూ ఆ మాట అన్నవాళ్లమే. వేళ్లు చేరని చోటనున్న మట్టి మాత్రం రోజుల తరబడి ఆరక అలాగే ఉండిపోతుంది.

ప్లాస్టిక్ రకాన్ని కుండీ అడుగున ఉన్న త్రికోణంలోని అంకె తెలియజేస్తుంది. 5 అంటే పాలీప్రొపిలీన్, 6 అంటే పాలీస్టైరీన్. ఇకపై మేము ఎక్కువగా 5వ రకమే తెప్పిస్తాము. అది కొంత వంగుతుంది కాబట్టి పక్కలను నొక్కితే మొక్క వేరుముద్దతో సహా జారి వస్తుంది. 6వ రకం పెళుసుగా ఉండి, అలా నొక్కితే బీటలు వారుతుంది. నల్ల కుండీలను తగ్గిస్తున్నాము. నలుపు కోసం కలిపే కార్బన్ బ్లాక్ పరారుణ కాంతిని పీల్చుకోవడం వల్ల, పునర్వినియోగ కేంద్రాలలో ఆ కాంతి సాయంతో ప్లాస్టిక్‌ను వేరుచేసే చాలా యంత్రాలు వాటిని గుర్తించలేవు.

మా వద్ద రంధ్రం లేని కుండీలు కొన్నవారు వాటిని పారవేయనక్కరలేదు. రంధ్రాలున్న చిన్న కుండీలో మొక్కను ఉంచి, దానిని ఇందులో దించితే సరిపోతుంది. నీళ్లు పోసిన అరగంటకు లోపలి కుండీని ఎత్తి, అడుగున చేరిన నీటిని పారబోయాలి. రంధ్రాలే కావాలనుకునేవారికి మేము ఉచితంగా వేసి ఇస్తాము, వేసేటప్పుడు పగిలితే బదులు కుండీ ఇస్తాము. ఇంట్లోనే వేసుకునేవారు కుండీ కింద చెక్క పెట్టి, తక్కువ వేగంతో డ్రిల్ చేయాలి. త్రికోణంలో 3 అంకె ఉన్నది పీవీసీ కనుక దానికి కాల్చిన మేకుతో రంధ్రం వేయరాదు, వేడికి హానికరమైన వాయువు వెలువడుతుంది. మా దగ్గరకు తెచ్చేవారు దయచేసి మొక్కను బయటకు తీసి, ఖాళీ కుండీనే తీసుకురండి. నిండు కుండీని పక్కకు వంచి కింది నుండి రంధ్రం వేయబోయి, ఒకరి మొక్క వేళ్లను మేము ఇప్పటికే ఒకసారి చీల్చాము.