ఆ గుటక చప్పుడు వినిపించిన మేడమ్‌కి

మా పాపకి నిన్నటితో మూడు నెలలు నిండాయి. 5 కిలోలు తూగింది. పుట్టినప్పుడు 2.9 కిలోలు ఉన్న పిల్ల ఆరో రోజుకి 2.58కి పడిపోయింది. అక్కడి నుంచి ఇక్కడికి ఎవరి చలవతో వచ్చామో చెప్పకపోతే నాకు మనసొప్పడం లేదు. నాకు పాలు పట్టడం నేర్పినావిడ తన పేరు రాయొద్దన్నారు కాబట్టి మేడమ్ అనే రాస్తున్నాను.

నాకు సిజేరియన్ అయింది. రెండో రోజు పాప ఏడుస్తుంటే ఆసుపత్రిలో నన్ను అడగకుండానే డబ్బా పాలు పట్టేశారు. "తల్లికి పాలు పడలేదు" అన్నారు. ఆ మాట సామర్లకోటలో మా పుట్టింటికి నాకన్నా ముందే చేరిపోయింది. అమ్మ పాలసొర, వెల్లుల్లి కారం, బొప్పాయికాయ కూర, ఎవరేం చెబితే అది వండిపెట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, "పాలు సరిపోతున్నాయా?" పాప గంటసేపు చీకేది, వదలగానే మళ్లీ ఏడుపు. నాకేమో చనుమొనలు పగిలి రక్తం. పాప నోరు తెరిస్తే భయం వేసేది. ఈ ముక్క రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఒక రాత్రి డబ్బా చేతిలోకి తీసుకుంటే, బిడ్డకు తల్లిపాలే శ్రేష్ఠమని దాని మీదే రాసి ఉంది. 1992 నాటి చట్టం ప్రకారం ప్రతి డబ్బా మీదా అలా వేయాలట. అది చదివి తెల్లారేదాకా ఏడ్చాను.

ఆరో రోజు బరువు చూసిన పిల్లల డాక్టరు గారు కాకినాడలో ఉన్న ల్యాక్టేషన్ కన్సల్టెంట్ నంబరు ఇచ్చారు. పాలు పట్టడం నేర్పే మనుషులుంటారని అప్పటిదాకా నాకు తెలియదు. సాయంత్రానికల్లా మేడమ్ మా ఇంట్లో ఉన్నారు.

చేతులు కడుక్కుని వచ్చి, "రోజూ ఎలా పడుతున్నావో అలాగే పట్టమ్మా, చూస్తాను" అన్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నాకు చూపించారు. చీకినప్పుడల్లా పాప బుగ్గలు లోపలికి సొట్టపడుతున్నాయి, టక్కు టక్కుమని చప్పుడు, వదిలాక చనుమొన ఒక పక్కకి నొక్కుకుపోయి ఉంది. "పాలు లేక కాదు తల్లీ. పాప మొన ఒక్కటే పట్టుకుంటోంది. నోటి నిండా పట్టాలి."

కుట్ల మీద బరువు పడకుండా పాపని నా చంక కిందుగా, కాళ్లు వెనక్కి ఉండేలా పడుకోబెట్టారు. తలని నొక్కకుండా మెడ కింద చెయ్యి వేయించారు. పాప నోరు బాగా తెరిచేదాకా ఆగి, అప్పుడు దగ్గరికి తీసుకోమన్నారు. గడ్డం రొమ్ముకి ఆనింది. మొదట గబగబా చీకింది, తర్వాత నెమ్మదించి, ఆగింది. "విను" అన్నారు మేడమ్.

గుటక. మళ్లీ గుటక. ఆరు రోజుల్లో అదే మొదటిసారి వినడం. రెండో వైపు పాలు కారి జాకెట్టు తడిసిపోయింది. గుమ్మంలో కూర్చున్న అమ్మమ్మ "చేపింది, చేపింది!" అని లేచి వచ్చేసింది. గేదెల్ని సాకిన మనిషి, పాలు దిగడాన్ని చేపడం అంటుంది. "బెదిరిన గేదె చేపదు. ఈ పిల్లతల్లిని అందరూ కలిసి బెదరగొట్టేశారు" అంది. "మనుషులకీ అంతే అమ్మమ్మగారూ" అన్నారు మేడమ్.

ఆవిడ డబ్బా పాలని గానీ నన్ను గానీ ఒక్క మాట అనలేదు. ముందు పాప కడుపు నిండాలన్నారు. రోజుకి 8 నుంచి 12 సార్లు పాలివ్వడం, ఆ తర్వాత పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టడం, చాలకపోతే డాక్టరు గారు చెప్పిన లెక్కన డబ్బా పాలు, పాప కనీసం ఆరు గుడ్డలైనా తడుపుతోందో లేదో చూసుకోవడం, అన్నీ చీటీ మీద రాసిచ్చారు. నాలుగు రోజులకి డబ్బా అవసరం లేకపోయింది. పదహారో రోజుకి పుట్టిన బరువుకి వచ్చేసింది. మధ్యలో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా ఎత్తారు. ప్రతిసారీ ఉగ్గుగిన్నె మరిగించి ఇచ్చిన మా ఆయనకి, ఇన్ని వండి ఒక్కసారీ విసుక్కోని అమ్మకి కూడా ఇక్కడే థాంక్స్ చెబుతున్నాను.

మేడమ్, ఆ చీటీ ఇంకా మా గోడకే ఉంది. మొన్న మా వీధిలోకి ఇంకో పచ్చి బాలింత వచ్చింది, తనకీ "పాలు లేవు" అంటున్నారట. చీటీ ఫొటో తీసి, మీ నంబరు కూడా ఇచ్చాను. ఈ రాత్రికి ఫోన్ చేస్తుంది.