కోళ్ళు షెడ్డు దాటకముందే సాల్మొనెల్లా పరీక్ష జరగాలి: పశుసంవర్ధక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. చిత్తూరు జిల్లా పలమనేరు ప్రాంతంలో కంపెనీ ఒప్పందం మీద బ్రాయిలర్ కోళ్ళు పెంచే రైతుగా ఈ లేఖ రాస్తున్నాను. కోడిపిల్లలు షెడ్డులో దిగిన సుమారు ఆరు వారాలకు బ్యాచ్ తూకానికి వచ్చి దుకాణాలకు చేరుతుంది. ఆ వ్యవధిలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉందో లేదో చూడడానికి మా షెడ్డు నుంచి నమూనా తీసినవారు లేరు.

కొక్కెర తెగులు సోకితే కోడిని చూడగానే రైతుకు అనుమానం వస్తుంది. మనుషులకు వాంతులు, విరేచనాలు, జ్వరం తెచ్చే ఎంటరైటిడిస్, టైఫిమ్యూరియం రకాల సాల్మొనెల్లా పేగుల్లో ఉన్న బ్రాయిలర్ మాత్రం చాలాసార్లు మేత తింటూ, బరువు పెరుగుతూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఈ సూక్ష్మజీవి తల్లికోళ్ళ నుంచి గుడ్డు ద్వారా రావచ్చు, గుడ్లు పొదిగించే హ్యాచరీలో ఒక పిల్ల నుంచి మరో పిల్లకు అంటవచ్చు. మేత, నీళ్ళు, ఎలుకలు, లిట్టర్‌లో, అంటే షెడ్డు నేల మీద పరిచే పొట్టు పొరలో, తిరిగే నల్లపురుగులు దాన్ని షెడ్డంతా పరుస్తాయి, కడగని క్రేట్లు ఒక ఊరి నుంచి మరో ఊరికి మోస్తాయి. పిల్లలూ మేతా కంపెనీవే అయినప్పుడు, బాధ్యత ఒక్క రైతు మీదే మోపడం న్యాయం కాదని నా నమ్మకం.

కనిపెట్టడం అసాధ్యమేమీ కాదు. సోకిన కోడి రెట్టలోనూ సూక్ష్మజీవి అన్ని వేళలా పడదు కనుక ఒకటి రెండు కోళ్ళను పట్టి చూస్తే సరిపోదు. బూట్లకు తడి గుడ్డ తొడుగులు వేసుకుని షెడ్డంతా లిట్టర్ మీద నడిచి, ఆ తొడుగులను చల్లగా ఉంచి ప్రయోగశాలకు పంపాలి. అక్కడ 37 డిగ్రీల వద్ద పోషక ద్రవంలో సుమారు 18 గంటలు పెంచి, ఆపై సాల్మొనెల్లాను మిగతా సూక్ష్మజీవుల నుంచి ఏరే ప్రత్యేక మాధ్యమాల్లో వేరుచేసి నిర్ధారించడానికి నాలుగైదు రోజులు పడుతుంది. సూక్ష్మజీవి డీఎన్‌ఏను గుర్తించే పీసీఆర్ పరీక్షతో ఇంకా త్వరగా తెలుస్తుంది. పరీక్షకు ముందు యాంటీబయాటిక్ వాడితే ఉన్న సూక్ష్మజీవి కూడా దొరకకపోవచ్చు కాబట్టి మందుల వివరం నమూనాతో పాటే వెళ్ళాలి. ఐరోపా సమాఖ్యలో కోతకు ముందు మూడు వారాల లోపు ఇలాగే నమూనాలు తీస్తారు. పైన చెప్పిన ఎంటరైటిడిస్, టైఫిమ్యూరియం రకాలు దొరికే బ్రాయిలర్ మందలు 1 శాతానికి మించకూడదన్నది అక్కడి లక్ష్యం.

తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి నిపుణుల పర్యవేక్షణలో చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ముందుగా తల్లికోళ్ళ ఫారాలను, హ్యాచరీలను, ఆ వెంటనే బ్రాయిలర్ షెడ్లను పరీక్షించే ఏర్పాటు చేయాలని, ఫలితం కోళ్ళను ఎత్తకముందే రైతు చేతికి అందేలా చూడాలని కోరుతున్నాను. సూక్ష్మజీవి దొరికిన మందను చివరగా, విడిగా కోయించి, షెడ్డు శుభ్రపడ్డాకే కొత్త పిల్లలు దించాలి. ఆ ఖర్చు, ఖాళీగా ఉన్న రోజుల నష్టం పెంపకం కూలీలో కోత పెట్టకుండా కంపెనీ, ప్రభుత్వం భరించాలి. లేకపోతే భయపడిన రైతు నమూనా ఇవ్వడానికే ముందుకు రాడు.

ఇట్లు,
ఒక బ్రాయిలర్ రైతు,
పలమనేరు, చిత్తూరు జిల్లా